డేరా బయట విన్న సినిమా

ఎవరైనా గుమ్మం దాటితే చాలు, సూర్యకాంతమ్మ గుండెలో గుబులు మొదలవుతుంది. మనవరాలు హేమశ్రీ రోజూ పొద్దున్న తొమ్మిదింటికి కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సెక్కి వన్ టౌన్ వెళుతుంది. గాజువాక దాటగానే ఒక ఫోను చేయాలి, సింధియా దగ్గర ఇంకొకటి, దిగాక మూడోది. మూడో ఫోను పది నిమిషాలు ఆలస్యమైతే ఆవిడ టీవీలో వార్తలు పెట్టి, బస్సేదైనా బోల్తా పడిందేమోనని తెర కింద పరుగెత్తే అక్షరాలన్నీ వేలితో వెంబడిస్తూ చదువుతుంది. ఆ అక్షరాలు బంగారం ధర చెప్పి, వాన కబురు చెప్పి ఊరుకుంటాయి. అప్పటికి హేమశ్రీ టీ కూడా తాగేసి పనిలో పడిపోయి ఉంటుంది.

ఈ గుబులు ఈనాటిది కాదు. భర్త చలమయ్య స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు షిఫ్టు డ్యూటీ చేశాడు. సైకిలు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆవిడ గేటు పట్టుకుని నిలబడేది. ఆయన తొందరలో ఎప్పుడైనా "ఎల్తన్నాను" అన్నాడా, వెనక్కి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్లు తాగించి, "ఎల్లొస్తాను" అనిపించి మరీ పంపేది. ఈ మంచినీళ్ల వల్ల ఆయన రెండుసార్లు ఫోర్‌మన్ చేత చీవాట్లు తిన్నాడు. ఆరేళ్ల క్రితం ఆసుపత్రిలో మాత్రం ఏమీ అనకుండానే వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆవిడ కూతురు దగ్గరే ఉంటోంది. దిగులంతా మనవరాలి బస్సు మీదికి మళ్లింది.

హేమశ్రీ చేసే పని ఏమిటో ఆవిడకు ఓ పట్టాన అర్థం కాలేదు. వన్ టౌన్లో కరీం బాషా అని పెద్దాయన ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు నడిపాడు. క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి ఫోన్లు వచ్చాక కొట్టు మూసేశాడు. ఆయన మనవడు నవీద్ మళ్లీ తెరిచి, పైన "అటక" అని బోర్డు పెట్టాడు. పాడైపోతున్న పాత సినిమాల నెగటివ్‌లు ఎవరింటి మూలల్లోనో వెతికి పట్టుకోవడం, చెన్నైలో ల్యాబుకి పంపి కంప్యూటర్లోకి ఎక్కించడం, గీతలూ మరకలూ తుడవడం, డిస్కుల మీద అచ్చువేయించి అట్టపెట్టెలో పెట్టి, చిన్న పుస్తకం జతచేసి అమ్మడం. ఒక్కో సినిమా ఆరువందల పెట్టెలు, అంతే. నవీద్ బొమ్మ చూసుకుంటాడు, హేమశ్రీ శబ్దం చూసుకుంటుంది.

ఇదంతా మూన్నాళ్ల ముచ్చట అని కరీం బాషా నమ్మకం. ఫోనులో ఊరికే వచ్చేదాన్ని పెట్టెలో పెట్టి అమ్మితే కొనడానికి జనానికి పిచ్చా అని ఆయన వాదన. ఫోనులో ఉన్న సినిమా మనది కాదని, ఓ రోజు పొద్దున్నే చెప్పకుండా మాయమైపోతుందని, బీరువాలో పెట్టుకున్నదాన్ని మాత్రం ఎవరూ పట్టుకుపోలేరని నవీద్ వాదన. తాతామనవళ్ల ఈ తగువును హేమశ్రీ ఇంటికొచ్చి చెబుతుంటే సూర్యకాంతమ్మ ఎప్పుడూ మనవడి పక్షమే. ఇంట్లో ఉన్నది ఇల్లొదిలి పోకూడదు. ఆవిడ లెక్కలో లోకంలో ఇంతకంటే మంచి వ్యాపారం లేదు.

అలాంటిది ఒక మధ్యాహ్నం హేమశ్రీ ముఖం వేలాడేసుకుని వచ్చింది. అన్నం దగ్గర కూర్చుని అసలు సంగతి చెప్పింది. మూడో సినిమా తేలడం లేదు. పద్నాలుగు రీళ్లలో బొమ్మ మొత్తం దొరికింది, విడిగా ఉండే శబ్దం రీళ్లు మాత్రం పదమూడే బాగున్నాయి. ఆఖరి రీలు శబ్దం ఉన్న డబ్బా తెరిస్తే లోపల జిగురు ముద్ద, పులిసిపోయిన వాసన. మాటలు రాసినాయన లేడు, కాగితాలు లేవు, నటించినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. కథ తేలే చోట మూగబొమ్మలు పెదాలు ఆడిస్తుంటే ఆ పెట్టెను సినిమా అని అమ్మలేనని నవీద్ అంటున్నాడు. ఇది ఆగిపోతే "అటక" మూసేయడమే. హైదరాబాదులో ఒక టీవీ ఛానల్ వాళ్లు తనను రమ్మంటున్నారు. వచ్చే నెల వెళ్లాల్సి రావచ్చు.

హైదరాబాదు అన్న మాట దగ్గర సూర్యకాంతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ ఊరికి ఎన్ని ఫోన్లు అవసరమవుతాయో ఆవిడ మనసులో అప్పుడే లెక్క మొదలైంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి ఏం సినిమా అని అడిగింది.

"గవ్వల మేడ. నీకు తెలీదులే. నీ సిన్నప్పటిది."

సూర్యకాంతమ్మ గరిటె కింద పెట్టింది. "తెలీకపోవడమేటే. ఆ సినిమా మాటలన్నీ నాకు వచ్చు."

హేమశ్రీ తినడం ఆపి చూసింది. "సూసేవేటి?"

"సూళ్లేదు. విన్నాను."

అరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు ఆవిడకు పదమూడేళ్లు. ఎలమంచిలిలో రైలు కట్ట పక్క ఖాళీ స్థలంలో టూరింగ్ టాకీసు డేరా వేసేవారు. డేరా గుడ్డకు ఆనుకుని వాళ్లమ్మ వేయించిన శనక్కాయల బుట్ట పెట్టేది. మొదటి ఆట వదిలేదాకా బుట్ట దగ్గర కాపలా సూర్యకాంతమ్మదే. గుడ్డకు అటుపక్క సినిమా, ఇటుపక్క ఆవిడ. గవ్వల మేడ ఇరవై ఒక్క రోజులాడింది. ఇరవై ఒక్క రోజులూ ఆవిడ మొదటి నుంచి చివరి దాకా విన్నది. లోపలికి మాత్రం ఒక్కరోజూ వెళ్లలేదు. బుట్ట ఎవరు చూస్తారు?

బడికి పోని ఆ పిల్లకు చదువొచ్చిందీ ఆ డేరా దగ్గరే. జనం పారేసి పోయిన పాటల పుస్తకాలు ఏరుకుని, లోపల వినబడే పాటకూ కాగితం మీది గీతలకూ పొత్తు కలుపుకుంటూ అక్షరాలు నేర్చుకుంది. ఆ పుస్తకాల్లో సగం కథే ఉంటుంది. గవ్వల మేడ పుస్తకమూ అంతే. ఓడ మీద పోయిన రఘుపతి మూడేళ్లకు తిరిగివచ్చాడని, వచ్చినవాడు ఎందుకో మారిపోయాడని, భార్య మల్లిక పడిన కష్టాలకు ముగింపు ఏమిటో వెండితెర మీద చూడమని రాసి ఆపేశారు. చూసినవాళ్లు ముగింపు బయట చెప్పొద్దని డేరావాడు రోజూ మైకులో బతిమాలేవాడు. చెప్పబోయినవాళ్లుంటే సూర్యకాంతమ్మే చెవులు మూసుకునేది. ఆవిడకు ముగింపు తెలుసు. రఘుపతి వెళ్లిపోతాడు. వెళ్లొస్తాను అనకుండా, వెళ్తున్నాను అని వెళ్లిపోతాడు. మల్లిక ఏడుస్తుంది. తలుపు మూసిన చప్పుడు. ఇరవై ఒక్క రోజులూ శనక్కాయల బుట్ట మీద తల ఆనించి ఆవిడా ఏడ్చింది. తరవాత ఆ సినిమా ఊళ్లోకి మళ్లీ రాలేదు. వచ్చినా ఆ బొమ్మ చూసే ధైర్యం ఆవిడకు లేదు.

ఇదంతా చెప్పి, నోటుబుక్కు తెమ్మంది. రెండు రోజులు వంటింటి గట్టు మీద కూర్చుని ఆఖరి రీలు మాటలన్నీ తనే రాసింది. మాటకూ మాటకూ మధ్య చోటు వదలడం ఆవిడకు ఎవరూ నేర్పలేదు, అందుకని వాక్యాలన్నీ రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించి ఉన్నాయి. బుక్కు హేమశ్రీ చేతిలో పెడుతూ ఒకే షరతు పెట్టింది. రాసిమ్మంటే రాసిచ్చింది గానీ, ఆ రీలు తనకు చూపించొద్దు.

మర్నాడు మధ్యాహ్నానికి హేమశ్రీ ఫోను చేసింది. మాటలు బొమ్మకు అతకడం లేదట. నోటుబుక్కులో ఒకచోట రఘుపతి పేజీన్నర పొడుగున ఒక్కడే మాట్లాడుతున్నాడు, అదీ ఒకదానికొకటి పొంతన లేకుండా.

"నువ్వెవరు అంటాడు, నేను రఘుపతిని అంటాడు, కాదు నేనే రఘుపతిని అంటాడు. ఇదేటి అమ్మమ్మా?"

"ఏటుంది. దుక్కంతో మతి పోయింది పాపం. తన్లో తాను మాటాడుకుంతన్నాడు."

ఫోను నవీద్ అందుకుని చాలా మర్యాదగా అడిగాడు. అమ్మమ్మగారు ఒక్కసారి కొట్టుకు వచ్చి, బొమ్మ చూస్తూ ఏ మాట ఎక్కడిదో చెప్పాలి. బొమ్మలో ఏముందో తాను ముందుగా చెప్పడు, చెబితే ఆవిడ జ్ఞాపకం బొమ్మకు తగ్గట్టు మారిపోవచ్చు. విన్నది విన్నట్టే కావాలి. రేపే రావాలి, ఎందుకంటే డిస్కులు అచ్చువేసేవాళ్లు సోమవారం దాకానే ఆగుతామన్నారు. అది దాటితే ఇంక లేనట్టే.

ఆ రాత్రి ఆవిడ అన్నం సరిగా తినలేదు. మనవరాలు హైదరాబాదు పోకుండా ఉండాలంటే రఘుపతి వెళ్లిపోవడం కళ్లతో చూడాలి. దేవుడు ఇలాంటి బేరాలు తనతోనే ఎందుకు పెడతాడో ఆవిడకు అంతుబట్టలేదు. పొద్దున్న మాత్రం హేమశ్రీ కంటే ముందే తయారై, నోటుబుక్కు చేతిసంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. బస్సులో గాజువాక దాటగానే అలవాటు కొద్దీ పక్కనే కూర్చున్న హేమశ్రీ అమ్మమ్మకే చేయబోయి ఫోను తీసింది. మళ్లీ లోపల పెట్టి నవ్వుకుంది.

కొట్టు మేడ మీద. మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. కరీం బాషా కుర్చీ జరిపి, ఫ్యాను ఇటు తిప్పి, టీ తెప్పించాడు. ఈయన గురించి అంతా విని ఉండటం వల్ల ఆవిడకు మొహమాటం కలగలేదు. గోడ పొడుగునా అల్మారాల్లో అట్టపెట్టెలు. తునిలో ఒక డాక్టరుగారు రెండు సినిమాలూ రెండేసి కొన్నారని, ఒకటి చూడటానికి, ఒకటి దాచుకోవడానికని కరీం బాషా చెప్పాడు. వైద్యం చేసేవాడికి కూడా ఈ జబ్బు తగులుకుందని ఆయన బాధ.

"మీరు అరవయ్యేళ్లు దాసుకున్నారంట గదమ్మా, ఉత్త బుర్రలో. అదీ డిస్కు లేకుండా, పెట్టె లేకుండా. ఇంక మావోడి యాపారం ఏటౌద్ది సెప్పండి."

"నా బుర్ర ఎన్నాళ్లుంతాది బాషా గారూ. బీరువా అయితే ఉంతాది."

ఈ మాటకు నవీద్ తాతవైపు గర్వంగా చూశాడు.

గదిలో దీపాలు ఆర్పి, గోడంత తెర మీద పద్నాలుగో రీలు మొదలుపెట్టారు. సూర్యకాంతమ్మ వెంటనే కళ్లు మూసుకుంది. ఎప్పటిలా వింటే చాలు, వరస తనకు తెలుసు. అర నిమిషం గడిచింది. ఒక నిమిషం గడిచింది. ఏమీ వినబడదే. ఫ్యాను చప్పుడు, కింద వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక, అంతే. కళ్లు మూసుకుంటే బొమ్మ లేదు, తెరిచినా మాట లేదు. సినిమా ఎంతవరకు వచ్చిందో తెలిసే దారేదీ?

పక్కనుంచి కరీం బాషా మెల్లగా అన్నాడు, "కళ్లు మూసుకుని వినడానికి ఇది రేడియో కాదమ్మా. మా రేడియో పాడైపోబట్టే మిమ్మల్ని పిలిసేరు."

ఆవిడ కళ్లు తెరిచింది.

ముందు మేడ కనబడింది. గోడల నిండా గవ్వలు. తాను అనుకున్నదానికంటే చిన్న మేడ. మల్లిక కనబడింది, అనుకున్నదానికంటే బొద్దుగా ఉంది. తలుపు తోసుకుని గడ్డంతో, చిరుగుల చొక్కాతో ఒకడు లోపలికి వచ్చాడు. మంచి బట్టల్లో ఉన్న ఇంకొకడు కుర్చీలోంచి లేచాడు. ఇద్దరిదీ ఒకటే ముఖం.

"ఇద్దరున్నారేటే?" అంది సూర్యకాంతమ్మ.

హేమశ్రీ చీకట్లో పెదవి కొరుక్కుంటోంది.

గడ్డమతను పెదాలు కదిపాడు. సూర్యకాంతమ్మ నోట మాట దానంతటదే వచ్చింది, నువ్వెవరు అని. మంచి బట్టలవాడి పెదాలు కదిలాయి. నేను రఘుపతిని, అంది ఆవిడ. గడ్డమతను అడుగు ముందుకు వేశాడు. కాదు, నేనే రఘుపతిని. మాటలు ఒక్కొక్కటీ వచ్చి ఎవరి పెదాల మీద వారికి కూర్చుంటున్నాయి, కొలతలు తీసి కుట్టినట్టు. పేజీన్నర మతిలేని మాటలు రెండు నోళ్లకు పంచేసరికి చక్కటి తగువైపోయింది. మూడేళ్ల క్రితం ఓడ మీద స్నేహితులైనవాళ్లు. ముఖాలు ఒకేలా ఉన్నాయని ఒకడు రెండోవాడి ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఆ ఇద్దరి వేషాలూ ఒక్క నటుడే కట్టాడు, ఒక్క గొంతుతోనే. గుడ్డకు ఇటుపక్క కూర్చున్న పిల్లకు రెండో ముఖం ఎలా కనబడుతుంది?

హేమశ్రీ గబగబా కంప్యూటర్లో కొడుతోంది. నవీద్ ఆపమన్నప్పుడల్లా బొమ్మ ఆగుతోంది. సూర్యకాంతమ్మ ఇప్పుడు కుర్చీ అంచుకు వచ్చేసింది. ఇది గెడ్డపోడిది, ఇది దొంగోడిది అని వేలు పెట్టి చూపిస్తోంది. నవీద్ ఒకచోట సందేహపడితే, తెలీకపోతే ఊరుకో బాబూ, ఆడి నోరు సూడు, అని కసిరింది కూడా.

చివరికి ఆ చోటు వచ్చింది. మెట్ల దగ్గర నిలబడి వెనక్కి తిరిగాడు, మంచి బట్టలవాడు. తల దించుకున్నాడు. సూర్యకాంతమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని చెప్పింది. నేను వెళ్తున్నాను. తలుపు వేసుకో మల్లికా, నా కోసం దీపం పెట్టకు.

మల్లిక ఏదో అంది. వాడు మెట్లు దిగి ఇసుకలో నడుచుకుంటూ పోయాడు. మల్లిక ఏడుస్తోంది, ఏడుస్తూనే గడ్డమతని చొక్కా గట్టిగా పట్టుకుంది. తలుపు అతనే వేశాడు. లోపలివైపు నుంచి.

సూర్యకాంతమ్మ తెర వంక అలాగే చూస్తూ, చూస్తూ, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. హేమశ్రీ కంగారుగా లేచి దగ్గరికి వచ్చింది.

"మొగుడు ఇంట్లోనే ఉన్నాడే," అంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక. "అరవయ్యేళ్లు ఏడిసేను గదే, ఆ దొంగెదవ ఎల్లిపోయాడని."

కరీం బాషా ముందు నవ్వాడు. ఆ పైన అందరూ నవ్వారు. ఆవిడ కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వడం మొదలుపెడితే ఇంకో టీ తెప్పించాల్సి వచ్చింది.

పని మాత్రం అవలేదు. మెట్ల దగ్గర వాడు వెళ్తున్నాను అన్నాక మల్లిక ఏదో అన్నదే, ఆ మాట నోటుబుక్కులో లేదు. నవీద్ ఆ ముక్క నాలుగుసార్లు వేసి చూపించాడు. చిన్న మాట, రెండు మూడు ముక్కల కంటే ఉండదు. సూర్యకాంతమ్మ నాలుగుసార్లూ తల అడ్డంగా ఊపింది. ఇరవై ఒక్క రోజుల్లో ఒక్కరోజూ ఆ మాట ఆవిడ చెవిన పడలేదు. సరిగ్గా ఆ వేళకు కట్ట మీద మెయిలు బండి పోయేది. బండి దాటేసరికి మల్లిక ఏడుపు, తలుపు చప్పుడు.

హేమశ్రీ వాచీ చూసుకుంది. మొత్తం రీలు అతికింది, ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. "ఏదో ఒకటి సెప్పు అమ్మమ్మా. ఎల్లిరా అనుంటాది. లేదంటే క్షమించేను అనుంటాది. ఎవుడికి తెలుస్తాది?"

ఆవిడకూ మనసులో ఆశ పుట్టింది. ఎల్లిరా అని ఉంటే ఎంత బాగుండును. దొంగవాడికైనా ఆ మాట చెప్పి పంపితే మంచిదే కదా. పైగా ఆ ఒక్క మాట వల్ల పని చెడి మనవరాలు పెట్టె సర్దుకుంటే? నోటిదాకా వచ్చిన మాటను ఆవిడ మింగేసింది.

"నాను వినలేదమ్మా. విన్నది విన్నట్టే గావాలన్నాడు గదా ఆ బాబు. నాను ఇనకుండా ఇన్నానంటే, మిగతా మాటలూ అబద్దమే అనుకుంతారు సూసినోలు."

నవీద్ హేమశ్రీ దగ్గర్నుంచి కీబోర్డు తీసుకుని తనే కొట్టాడు. తెర మీద మల్లిక పెదాలు కదిలినప్పుడు కింద అక్షరాలు వచ్చాయి. సూర్యకాంతమ్మ వాటిని ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకి చదివింది.

"ఇక్కడ రైలు వెళ్లింది."

పెట్టెలో పెట్టే పుస్తకంలో డేరా సంగతి, శనక్కాయల బుట్ట సంగతి ఆవిడ మాటల్లోనే వేస్తామని నవీద్ అన్నాడు. అంతేకాదు, కొనేవాళ్లు కావాలంటే ఆఖరి రీలు కింద అక్షరాలు చదువుకోవచ్చు, లేదా మీట నొక్కి ఆవిడ గొంతుతో వినొచ్చు. ఆ గొంతు ఇప్పుడే రికార్డు చేయాలి. ఇందాకటి నవ్వు కూడా ఉంచేస్తారట. ఇలా గోడల బయట విన్నవాళ్లు, గేటు దగ్గర నిలబడినవాళ్లు ఊరూరా ఎంతమంది ఉంటారో, వాళ్లను పట్టుకుంటే మూగబోయిన సినిమాలన్నీ మళ్లీ మాట్లాడతాయని కుర్రాడు ఒకటే ఉత్సాహపడిపోయాడు. కరీం బాషా ఈసారి వాదించలేదు. ఎవరికీ చెప్పొద్దని, తానూ ఒక పెట్టె కొంటానని, కానీ తన దగ్గర దాన్ని ఆడించే మిషను లేదని సూర్యకాంతమ్మతో గొంతు తగ్గించి చెప్పాడు.

మూడింటికి రికార్డింగు అయిపోయింది. సోమవారానికి పంపాల్సింది శనివారమే సిద్ధమైంది. హేమశ్రీ బయట వరండాలోకి పోయి హైదరాబాదు ఛానల్ వాళ్లకు ఫోను చేసింది. ఇప్పుడు కుదరదండీ, చేతిలో పని ఉంది, అనడం లోపలికి వినబడింది. ఈ మాట వినడానికి సూర్యకాంతమ్మకు ఏ రైలూ అడ్డం రాలేదు. ఆవిడ తెలియనట్టే కూర్చుని గ్లాసు అడుగున మిగిలిన చల్లారిన టీ తాగేసింది.

హేమశ్రీ లోపలికి వచ్చి బస్సు వేళయింది, రష్షు పెరగకముందే పోదాం, లే, అంది. నవీద్ మిషను ఆపబోయాడు. సూర్యకాంతమ్మ లేవలేదు.

"ఉండవే. ఆఖరిది సూసేను గానీ ముందున్నయి సూళ్లేదు గదా. ఆ మల్లికకి పెళ్లెలాగైందో, ఆ దొంగోడు ఇంట్లో దూరి ఏటి సేసేడో సూడొద్దేటి? మొదటి రీలు ఎయ్ బాబూ."

ఇంకా పదమూడు రీళ్లున్నాయని, రెండు గంటలకు పైనే పడుతుందని, ఇంటికి చేరేసరికి చీకటి పడుతుందని హేమశ్రీ హెచ్చరించింది. ఆవిడ చెప్పులు విప్పి కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుంది. కూతురికి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పమంది, అది బెంగ పెట్టుకోకుండా ఉంటే సరి. కరీం బాషా తన కుర్చీ కూడా తెర ముందుకు లాక్కున్నాడు. పేర్లు పడుతున్నప్పుడే ఆవిడ గట్టిగా చదవడం మొదలుపెట్టింది, ఒక్క పేరూ వదలకుండా.